దగ్గరి దారి, తొందరగా చేర్చే దారి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరు చేతికి మైకు ఇస్తే లెక్కలే చెబుతాడు, కాస్త ఓర్చుకోండి. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అందుకే ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్లే విమానం లెక్క తెచ్చాను.

గోడ పటంలో చూస్తే పడమటి వైపు, యూరప్ మీదుగా వెళ్లడమే దగ్గర అనిపిస్తుంది. గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. దారం ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. ఆ దూరం సుమారు 12,400 కిలోమీటర్లు.

ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్ల దారిలో వెళ్లేది. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 15,300 కిలోమీటర్లయింది. అంటే 1,400 పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటలకు వచ్చింది!

కారణం గాలి. విమానాలు ఎగిరే పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. 15,300ని 14.5తో భాగిస్తే గంటకి సుమారు 1,055 కిలోమీటర్లు. విమానం సొంత వేగం 900 ప్రాంతం. మిగిలింది గాలి పెట్టిన భిక్ష. పాత దారిలో 13,900ని 16.5తో భాగిస్తే 842. అక్కడ గాలి లాగేసుకుంది. మాస్టార్లూ, కాలం-దూరం పాఠానికి ఇంతకన్నా మంచి లెక్క దొరకదు.

ఇంకో తమాషా. చలికాలంలో అక్కడి గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. పద్నాలుగున్నర గంటలు ప్రయాణించి దిగితే, గడియారం ప్రకారం గడిచింది ఒక్క గంటే.

కానీ ఆస్పత్రి మంచం పక్కన ఎదురుచూసే తల్లికి ఆ గడియారం పనికిరాదు. టికెట్ దొరకాలి, ఎయిర్‌పోర్టుకి మూడు గంటల ముందు చేరాలి, ఢిల్లీలో విమానం మారాలి, హైదరాబాద్‌లో దిగి మన ఊరికి కారెక్కాలి. ఎంత తొందరపడ్డా దాదాపు ఒకటిన్నర రోజు. ఏ గాలీ దాన్ని ఒక పూటకి తగ్గించలేదు.

ఆ ఒకటిన్నర రోజు మన చేతిలో ఉంది. ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థుల ఫోన్ నంబర్లతో ఒక జాబితా తయారుచేద్దాం. ఏ బ్యాచ్ వాడి అమ్మానాన్నలకైనా అర్ధరాత్రి అవసరం వస్తే, కొడుకో కూతురో దిగేదాకా మనలో ఒకరు వాళ్ల పక్కన కూర్చుందాం. మొదటి నంబరుగా నాది రాసుకోండి. మిగతావాళ్లు భోజనాలకు లేచేలోపు కార్యదర్శి గారి దగ్గర పేర్లివ్వండి.

సెలవు.