గాలి మారదు: ప్రత్యామ్నాయ చరిత్ర కథలో దండయాత్ర

‘ఇలా జరిగి ఉంటే?’ అన్న ప్రశ్న మీద నడిచే కథలకు 1025వ సంవత్సరం నిండు గని. ఆ డిసెంబరు 15న బైజాంటైన్ చక్రవర్తి రెండవ బాసిల్ సిసిలీ దండయాత్ర సన్నాహాల్లో ఉండగానే కన్నుమూశాడు. ఆ ఏటి ప్రాంతంలోనే రాజేంద్రచోళుడి నౌకలు సముద్రం దాటి శ్రీవిజయ రాజ్యం మీదికి వెళ్లాయి. బాసిల్ మరో రెండేళ్లు బతికి ఉంటే? చోళ నౌకలు నికోబార్‌లోనే నిలిచిపోయి ఉంటే? రెండూ నవలకు తగిన ప్రశ్నలే. అయితే రాసేవారికి ఒక కట్టుబాటు ఉండాలి. మనిషి నిర్ణయాన్ని మార్చవచ్చు. గాలినీ నీటినీ తిండిగింజల లెక్కనూ మార్చకూడదు.

బైజాంటైన్‌లకు ఈ సంగతి బాగా తెలుసు. వారి ఆస్థాన గ్రంథం ‘డి సెరిమోనీస్’లో 911, 949 సంవత్సరాల్లో క్రీట్ మీదికి సాగిన నౌకాయాత్రల పద్దులున్నాయి. ఓడలు, జీతాలు మొదలుకొని తాళ్లు, మేకుల దాకా రాసిపెట్టారు. అయినా క్రీట్ చేజిక్కలేదు. 960లో వెళ్లిన సేనాని నికెఫోరస్ ఫోకాస్ చలికాలమంతా ముట్టడి వదలకుండా, 961 మార్చిలో చాందాక్స్ కోటను పట్టుకున్నాడు. పద్దు ఒక్కటే గెలిపించదు. కానీ చలికాలంలో సైన్యానికి తిండి అందకపోతే ఏ వీరుడూ గోడ దాకా రాలేడు.

ఇప్పుడు మన సముద్రానికి వద్దాం. రాజేంద్రుడి తంజావూరు శాసనం జయించిన చోట్ల వరసలో ‘మానక్కవారం’ అని నికోబార్‌ను పేర్కొని, తేనె నిండిన తోటల దీవిగా వర్ణిస్తుంది. తోటలు కనిపిస్తాయి గాని నీటికుండలు కనిపించవు. ఆ కుండల్ని లెక్కపెట్టడమే నవలాకారుడి పని. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున వెయ్యిమందికి పదిహేను రోజులకు అరవై వేల లీటర్లు కావాలి. నైరుతి గాలి ఓడను తూర్పుకు తోస్తుంది, ఈశాన్య గాలి ఇంటికి తెస్తుంది. నాగపట్నంలో ఏ నెలలో లంగరెత్తారో చెప్పని దండయాత్ర నేల విడిచిన సామే. మరి ఇంటి దగ్గర? వేంగిలో 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడు రాజేంద్రుడి మేనల్లుడు. పశ్చిమ చాళుక్యులు బలపరిచిన విజయాదిత్యుడితో అతని పోరు అప్పటికి సద్దుమణిగి ఉండకపోతే, చోళుడు నౌకాదళాన్ని అంత దూరం పంపగలిగేవాడా? తెలుగు రచయిత మార్చదగిన మలుపు ఇదే.

కల్పనకు లెక్కలెందుకని కొందరంటారు. చదరంగంలో గుర్రం ఎటైనా దూకగలిగితే ఆటే ఉండదు; కట్టుబాటున్నప్పుడే ఎత్తుకు విలువ. శాసనంలోని ప్రశస్తి రాజు పొగడ్తే కదా, దాన్ని నమ్మడమేమిటని ఇంకొందరంటారు. నిజమే, పొగడ్తే. గెలుపు ఎంత గొప్పదో దాన్నిబట్టి తేల్చలేం. కానీ నికోబార్ దీవుల పేరు తంజావూరు దాకా చేరిందనడానికి అదే సాక్ష్యం. అది చెప్పని చోటే కథకు దొరికిన ఖాళీ. ఆ ఖాళీలోకి ముందు తీసుకురావలసింది సేనానిని కాదు, నికోబారీ మనిషిని. దాహంతో ఒడ్డుకు చేరినవాళ్లకు చెలమ చూపాలా వద్దా అన్నది అతని నిర్ణయం. పటం మీద మజిలీగా మాత్రమే కనిపించే ఈ దీవుల్లో, అరవై వేల లీటర్ల లెక్క తేలేది అతని మాట మీదే. రాజు పేరు రాసిన శాసనం అతని పేరు రాయలేదు. ఆ లోటు తీర్చగలిగితే ప్రత్యామ్నాయ చరిత్ర కాలక్షేపం కాదు, చరిత్రకు చేసిన న్యాయం.