సరస్వతి ఆకు, మూర్ఛ జబ్బు

దివిసీమ కాలవ గట్లలాంటి తేమ నేలంటే సరస్వతి ఆకుకు ప్రాణం. జ్ఞాపకశక్తికని పిల్లలకు పెడతాం. మరి మూర్ఛకు పనిచేస్తుందా?

ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు ఎలుకల్లో పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. పెంటిలీన్‌టెట్రజోల్ అనే రసాయనం చిన్న మోతాదుల్లో పలుమార్లు ఎక్కిస్తే ఎలుకలకు క్రమంగా ఫిట్స్ మొదలవుతాయి. కిలో బరువుకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఆకు సారం ఇచ్చిన వాటిలో ఫిట్స్ తగ్గాయి, నేర్చుకునే శక్తీ మెరుగుపడింది. ఈ రెండోదే నాకు ముఖ్యమనిపిస్తుంది. మూర్ఛ ఉన్న పిల్లల్లో చాలామందికి చదువూ కష్టమవుతుంది.

అయితే ఎలుకకు పనిచేసిందల్లా మనిషికీ పనిచేస్తుందని లేదు. మచిలీపట్నంలోనో గుడివాడలోనో డాక్టరు రాసిన మాత్రలు మాన్పించి పసరు పోస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.