బడి జట్టు ఫొటోలో ఊరి చరిత్ర

బడి ఆటల జట్టు తీయించుకున్న గ్రూపు ఫొటో ఇంటి చరిత్రకూ, ఊరి చరిత్రకూ గట్టి ఆధారం. పెళ్లి ఫొటోలో ఒక వంశం వారు, వాళ్ల చుట్టాలు కనిపిస్తారు. జట్టు ఫొటోలో సేద్యగాడి బిడ్డ, బంగారు అంగడి యజమాని కొడుకు, మగ్గం నేసే ఇంటి పిల్లవాడు ఒకే వరుసలో నిలబడతారు. అడుగున పేర్లు, ఆట, బడి, సంవత్సరం రాసి ఉంటాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ఊళ్లలో మామూలు మనుషుల గురించి అచ్చులో దొరికేది తక్కువ గనుక, ఇలాంటి ఫొటోకు విలువ ఎక్కువ.

కడప సీమ 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి, 1953 దాకా మద్రాసు పాలనలోనే ఉండింది. బడి ఆటలకూ మద్రాసే ఒరవడి. 1920లో హ్యారీ క్రో బక్ అక్కడ వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను నెలకొల్పారు. ఆటలు నేర్పడంలో తర్ఫీదు పొందిన ఉపాధ్యాయులు అప్పటి నుంచి తయారవుతూ వచ్చారు. జట్టు ఫొటోలో కుర్చీల వరుసలో హెడ్మాస్టరు పక్కన కూర్చునే డ్రిల్లు అయ్యవారి వెనుక ఈ చరిత్ర ఉంది.

ఫొటో దొరికినప్పుడు మొదట తేల్చవలసింది కాలం. కింద కూర్చున్న పిల్లవాడి చేతిలోని పలక మీద సంవత్సరం ఉంటే చిక్కే లేదు. లేకపోతే బడి పేరు దారి చూపుతుంది. ‘బోర్డు హైస్కూలు’ అని ఉంటే అది జిల్లా బోర్డుల కాలం. 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక అవే బడులు ‘జిల్లా పరిషత్ హైస్కూళ్లు’ అయ్యాయి. ‘ఎల్.ఎం.’ అనే అక్షరాలు లండన్ మిషన్ అనే క్రైస్తవ సంస్థవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ చోట ‘సి.ఎస్.ఐ.’ వచ్చింది. అయితే పాత బోర్డు వెంటనే మారకపోవచ్చు. అందుచేత పేరును బట్టి కట్టే తేదీకి మరో సాక్ష్యం తోడుండాలి.

తర్వాత తెలుసుకోవలసింది ఏ ఆట అన్నది. బాల్ బ్యాడ్మింటన్‌కు ఐదుగురు, వాలీబాల్‌కు ఆరుగురు, కబడ్డీకి ఏడుగురు, ఖోఖోకు తొమ్మిదిమంది, హాకీకీ ఫుట్‌బాల్‌కూ పదకొండుమంది. రిజర్వు ఆటగాళ్లు కూడా ఫొటోలో నిలబడతారు గనుక తలల లెక్క ఒక్కటే చాలదు. చేతిలో చెక్క బ్యాటు, ముందు ఉన్నిదారంతో చేసిన చిన్న బంతి కనిపిస్తే అది బాల్ బ్యాడ్మింటన్. షీల్డు మీది అక్షరాలను భూతద్దంతో చదివితే పోటీ పేరు కూడా బయటపడవచ్చు. వట్టికాళ్లా, క్యాన్వాసు బూట్లా, అందరికీ ఒకే రంగు బనియన్లా అన్నది చూస్తే బడి స్తోమత కొంత అర్థమవుతుంది.

అసలు పరీక్ష పేర్ల దగ్గర ఎదురవుతుంది. ‘పి. సుబ్బారెడ్డి’ అని ఉంటే ఇంటిపేరు ఏదో, తండ్రి ఎవరో తెలియదు. ఒకే ఊళ్లో ఆ పేరువాళ్లు నలుగురైనా ఉంటారు. ఇక్కడ బడి అడ్మిషన్ రిజిస్టరు ఆదుకుంటుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, అంతకు ముందు చదివిన బడి, టి.సి. తీసుకున్న తేదీ అందులో ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం బడిలో చేర్చేటప్పుడు అంచనాగా వేయించడం మామూలే. దాన్ని ఇంట్లోని దస్తావేజులతో సరిచూడాలి. పేర్లు సీమలోని భక్తినీ చెబుతాయి. ఓబులేసు అంటే అహోబిలం నరసింహస్వామి, నారాపురయ్య అంటే జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరస్వామి. దస్తగిరి, మస్తాన్ అనే పేర్లు హిందువుల ఇళ్లలోనూ ఉన్నాయి. కాబట్టి పేరును బట్టి మతాన్ని తేల్చకూడదు.

ఈ మూడు ఊళ్లలో వెతుకులాట మూడు దారుల్లో సాగుతుంది. ప్రొద్దుటూరు 1915లో మునిసిపాలిటీ అయింది. అనిబిసెంట్ పేరు మీద ఉన్న అక్కడి మునిసిపల్ హైస్కూల్లో శివభారత కావ్యకర్త గడియారం వేంకటశేషశాస్త్రి తెలుగు పండితులుగా పనిచేశారు. అలాంటి బడి ఫొటోలో పిల్లలతో పాటు కుర్చీల్లో ఉన్న అయ్యవార్లనూ గుర్తించాలి. వాళ్లు తెలిస్తే ఊరి సాహిత్య చరిత్ర కూడా చేతికి అందుతుంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది గనుక బడి రికార్డుల పక్కన మిషన్ రికార్డులనూ చూడాలి. ఆ ప్రాంతంలో మరో తొందర కూడా ఉంది. గండికోట జలాశయంలో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగిపోయాయి. బడి గోడలు, ఆటస్థలం లేని ఊరికి ఫొటోలో వెనుక కనిపించే తలుపు, చెట్టు, అరుగు కూడా సాక్ష్యాలే. పులివెందులలో రిజిస్టరులోని స్వగ్రామం గడి ముఖ్యం. సింహాద్రిపురం, లింగాల, తొండూరు వైపు నుంచి ఎవరెవరు వచ్చి చదివారో తేలితే, తాలూకా కేంద్రంలోని బడి ఎంత దూరపు పల్లెలకు దిక్కయిందో తెలుస్తుంది.

పాతకాలపు ఆడపిల్లల జట్ల ఫొటోలు అరుదు. అక్కాచెల్లెళ్ల చదువు సంగతి రిజిస్టర్లలో, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాల్లో వెతకాలి. లేకపోతే వంశవృక్షంలో మగపిల్లల కొమ్మలే మిగులుతాయి.

కాగితాలు చెప్పని సంగతులు పెద్దవాళ్లు చెబుతారు. ఫొటోను ఇద్దరు ముగ్గురికి విడివిడిగా చూపించాలి. ఒకరు చెప్పిన పేరు ఇంకొకరికి ముందే చెప్పకూడదు. ఎవరు, ఏ తేదీన, ఏమి చెప్పారో రాసుకోవాలి. ఊరి నేపథ్యానికి 1915 నాటి బ్రాకెన్‌బరీ కడప జిల్లా గెజిటీరు, కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలోని పుస్తకాలు తోడ్పడతాయి.

చివరిది భద్రత. అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకితే బొమ్మ ఊడిపోతుంది. దాన్ని అద్దంతోనే కెమెరాలో తీసుకోవాలి. విడిగా ఉన్నదాన్ని అంచులు పట్టుకుని, ముందూ వెనుకా స్కాన్ చేయాలి. వెనుక రాయవలసి వస్తే మెత్తని పెన్సిలే వాడాలి. గుర్తించిన పేర్ల జాబితాతో ఒక ప్రతి ఇంట్లో, ఒకటి బడిలో, ఇంకొకటి గ్రంథాలయంలో ఉంచితే ఆ ఊరి మీద పనిచేసే తర్వాతి వారికి అది నమ్మదగిన ఆధారమవుతుంది.