మిల్లు భూములు - మూడు వాటాలు



నగర ప్రణాళికను రూపొందించేవారు పటంపై ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క రంగు వేస్తారు. నివాసాలకు పసుపు, ఉద్యానాలకు ఆకుపచ్చ, పరిశ్రమలకు ఊదా. ఆ నేలపై ఏమి కట్టవచ్చునో, ఏమి కట్టరాదో ఆ రంగే నిర్ణయిస్తుంది. దానినే భూవినియోగ నిర్దేశం అంటారు. కాలానుగుణంగా ఈ నిర్దేశాలను సవరించక తప్పదు. మూతపడిన ఫ్యాక్టరీ స్థలాన్ని ఎల్లకాలమూ పరిశ్రమల పేరనే అట్టిపెట్టడం వివేకం అనిపించుకోదు. అయితే, నగరం నడిబొడ్డున ఉన్న నేలకు ఊదారంగు పోయి వేరొక రంగు వచ్చిందంటే దాని విలువ అనేక రెట్లు పెరుగుతుంది. ఆ పెరిగిన విలువలో ఎవరికెంత చెందాలి? ఈనాటి ప్రసంగానికి ఈ ప్రశ్నే విషయం. ముంబయి మిల్లు భూముల చరిత్రలో దీనికి గొప్ప పాఠం ఉన్నది.

1854లో కావస్‌జీ నానాభాయి దావర్ బొంబాయిలో తొలి నూలుమిల్లు కంపెనీని స్థాపించారు. తరువాతి కాలంలో పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాలు మిల్లులతో నిండిపోయాయి. మరాఠీలో ఆ ప్రాంతానికి 'గిరణ్‌గావ్', అనగా మిల్లుల ఊరు, అని పేరు వచ్చింది. కొంకణం నుండి రైతుబిడ్డలు, ఉత్తరప్రదేశ్ నుండి కూలీలు, తెలంగాణ జిల్లాల నుండి చేతిమగ్గం కూడు పెట్టక వలసపోయిన పద్మశాలీలు అక్కడి చాళ్ళలో ఇరుగుపొరుగులై జీవించారు. భారతీయ సమైక్యత అనే మాటకు ఆ చాళ్ళు నిత్య నిదర్శనాలుగా ఉండేవి.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ఏడాదికి పైగా సాగింది. ఆ తరువాత అనేక మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. యంత్రాలు ఆగిపోయాయి కాని, వాటి క్రింద ఉన్న దాదాపు 600 ఎకరాల నేల నగరమధ్యంలో బంగారమై కూర్చున్నది.

1991లో అమలులోకి వచ్చిన అభివృద్ధి నియంత్రణ నిబంధనలలో 58వ నిబంధన ఈ నేలకు ఒక దారి చూపింది. మిల్లు యజమాని స్థలాన్ని వేరే పనికి వినియోగించదలచుకుంటే దానిని రమారమి మూడు వాటాలు చేయాలి: ఒకటి ఉద్యానాలకు, మైదానాలకై నగరపాలక సంస్థకు, ఒకటి సామాన్యుల గృహాలకై రాష్ట్ర గృహనిర్మాణ సంస్థకు, మిగిలినది యజమానికి. ఈ భూములను ఏ మిల్లుకు ఆ మిల్లుగా కాక సమగ్రంగా పరిశీలించే యత్నమూ జరిగింది. ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన 1996లో ఏర్పడిన సంఘం ఆ పని చేసింది.

ఇక్కడ, అనువాదం వృత్తిగా గలవాడిని కనుక, ఒక మాటను గురించి మనవి చేస్తాను. హిందీలో 'ఖాలీ జమీన్' వేరు, 'ఖులీ జమీన్' వేరు. మొదటిది ఖాళీ నేల, రెండవది ఆరుబయలు నేల. కట్టడాన్ని కూల్చివేస్తే ఖాళీ అయ్యే నేల, మొదటినుండీ కట్టడమే లేని బయలు నేల ఒకటేనా? 2001లో 58వ నిబంధనను సవరించినప్పుడు వాటాలు వేయవలసినది అప్పటికే కట్టడం లేని నేలను మాత్రమేనని నిర్ణయించారు. మిల్లు స్థలాలలో అధికభాగం షెడ్లే. అందువల్ల ప్రజలకు రావలసిన రెండు వాటాలూ బాగా కుదించుకుపోయాయి. ఈ అర్థాన్ని 2005లో బొంబాయి హైకోర్టు అంగీకరించలేదు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును త్రోసిపుచ్చి సవరణను సమర్థించింది. నిబంధనలోని ఒక పదానికి చెప్పుకునే అర్థంపై ఎన్ని మైదానాలు, ఎన్ని ఇళ్ళు ఆధారపడి ఉంటాయో చూడండి!

నేడు లోయర్ పరేల్‌లో పొగగొట్టాల స్థానంలో ఆకాశహర్మ్యాలు, విపణి భవనాలు నిలిచాయి. మాజీ కార్మికులకు కొన్ని వేల ఇళ్ళు దక్కిన మాట నిజమే. కాని దరఖాస్తు చేసినవారు లక్షకు పైగా ఉన్నారు. 2012లో ఇళ్ళను లాటరీ వేసి పంచవలసి వచ్చింది. ఒక జీవితకాలపు శ్రమకు ప్రతిఫలం చీటీలో పేరు రావడంపై ఆధారపడటం విచారకరం.

విద్యార్థులారా, ప్రణాళిక నిపుణుల సొత్తు మాత్రమే అనుకోకండి. ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరాలను, సూచనలను ఆహ్వానించడం చట్టంలోనే ఉన్నది. ముంబయి కొత్త ప్రణాళిక ముసాయిదా 2015లో వెలువడినప్పుడు అభ్యంతరాలు వెల్లువెత్తగా దానిని తిరిగి సవరించవలసి వచ్చింది. 2018లోగాని అది ఆమోదం పొందలేదు. మన హైదరాబాదులో, విశాఖలో, వరంగల్లులో కూడ పాత పారిశ్రామిక స్థలాలు ఉన్నాయి. వాటి రంగు మార్చే ప్రకటన వెలువడిననాడు మూడు ప్రశ్నలు వేయండి: అక్కడ పనిచేసినవారికి ఏమి మిగులుతుంది? నగరానికి ఎంత పచ్చదనం దక్కుతుంది? నిబంధనలోని ప్రతి పదానికీ అర్థం స్పష్టంగా చెప్పారా? గడువు దాటక మునుపే అడగండి. పటం ఆమోదం పొందిన తరువాత అడిగే ప్రశ్నకు న్యాయస్థానంలో సంవత్సరాలు పడతాయి.