చీపురు పట్టిన మాస్టారు

 

పోయిన వారం కువైట్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఊళ్లో ఎనిమిదేళ్లు కరాటే నేర్చుకున్న. బ్లాక్ బెల్టు. పిల్లలకు నేర్పేటోణ్ణి, అందరూ మాస్టర్ అనేటోళ్లు. ఇక్కడ ఆఫీసుల్లో క్లీనింగ్ పని. ఇగ అది అయిపోయినట్టే కదా?"

తమ్ముడూ, నీకోసం ఒక పెద్దాయన కథ చెప్తాను. పేరు గిచిన్ ఫునకోషి. నీకు తెలిసే ఉంటుంది, షోటోకాన్ కరాటేకి మూలపురుషుడు ఆయనే.

1868లో ఒకినావా దీవిలో, షురిలో పుట్టాడు. చిన్నప్పుడు బక్కపిల్లాడు, ఎప్పుడూ ఏదో జబ్బు. బళ్లో తోటి పిల్లాడి తండ్రి అజాతో, కరాటే గురువు. అప్పట్లో అది బయటికి చెప్పుకునే విద్య కాదు. అందుకే రాత్రిపూట లాంతరు పట్టుకుని గురువుగారింటికి నడిచేవాడు. పెద్దయ్యాక పగలు బడిపంతులు, రాత్రి శిష్యుడు. టెక్కి అనే కటాలు మూడు ఉంటాయి. ఆ మూడింటికే పదేళ్లు పట్టిందని తనే రాసుకున్నాడు.

1922లో టోక్యోలో వ్యాయామ ప్రదర్శన పెడితే, కరాటే చూపించడానికి వెళ్లాడు. అప్పటికి 53 ఏళ్లు. చూపించి తిరిగొచ్చేద్దామనే వెళ్లాడు. జూడో స్థాపించిన జిగోరో కానో కూడా పిలిచి చూపించమన్నాడు. ఇంకొందరు నేర్పమన్నారు. సరే అని ఆగిపోయాడు. మనం కూడా "రెండేళ్లు చేసి వచ్చేస్తా" అనే కదా బయల్దేరింది!

మరి తిండికెట్లా? ఒకినావా విద్యార్థుల హాస్టల్లో ఒక చిన్న గది దొరికింది. దానికి బదులుగా కాపలా, గదులు ఊడవడం, తోటపని. అక్కడి హాల్ ఖాళీగా ఉన్నప్పుడు కరాటే క్లాసు. డబ్బుల్లేక బట్టలు కుదువ పెట్టిన రోజులున్నాయి. భోజనం ఖర్చు తగ్గించమని వంటాయనకే కరాటే నేర్పాడు.

ఒకరోజు వాకిలి ఊడుస్తుంటే పత్రిక విలేకరి వచ్చి "ఫునకోషి గారెక్కడ?" అని అడిగాడు. ఈయన "ఒక్క నిమిషం" అని లోపలికెళ్లి, బట్టలు మార్చుకుని వచ్చి "నేనే ఫునకోషి" అన్నాడు. ఆ విలేకరి నోరు తెరిచాడు. చీపురు పట్టిందీ ఆ చెయ్యే, గుద్దు నేర్పిందీ ఆ చెయ్యే.

అయితే ఇంకో సంగతి దాచకూడదు. ఆయన భార్య రాలేదు. పెద్దల సమాధులు వదిలి రాలేనంది. ఇరవై ఏళ్లకు పైగా ఆమె అక్కడ, ఈయన ఇక్కడ. 1945లో బాంబుదాడుల్లో టోక్యోలోని ఆయన డోజో కాలిపోయింది. అదే ఏడాది కొడుకు పోయాడు. ఒకినావా యుద్ధంలో నాశనమైంది. ఆమె క్యుషు దీవికి చేరితే, అక్కడ మళ్లీ కలిశారు. 1947లో ఆమె కన్నుమూసింది. ఈయన మళ్లీ టోక్యో వచ్చి, 1957లో పోయేదాకా కరాటేతోనే ఉన్నాడు. అప్పటికి 88 ఏళ్లు.

విద్య గెలిచింది. ఇల్లు మాత్రం మూల్యం కట్టింది. ఇది వింటుంటే మనలో చాలామందికి గుండెలో ఎక్కడో గుచ్చుకుంటుంది.

అందుకే తమ్ముడూ, రెండు మాటలు. ఒకటి: టెక్కి కటాలో అడుగులన్నీ పక్కకే, ఒకే గీత మీద. బంక్ బెడ్ల మధ్య సందు చాలు. డ్యూటీ అయ్యాక పది నిమిషాలు వెయ్యి. రూమ్మేట్లు నవ్వుతారు, నవ్వనీ. వారం తర్వాత ఒకడైనా "నాకూ చూపియ్యి" అంటాడు. అప్పుడు నువ్వు మళ్లీ మాస్టర్‌వే.

రెండోది: అది అయ్యాక ఇంటికి వీడియో కాల్ చెయ్యి. ఆ కటా మీ ఇంటావిడకి కూడా చూపించు.

ఉంటాను మరి. వచ్చే శుక్రవారం కలుద్దాం.