పట్టాల పక్కన బ్యాటరీ బస్సు

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో 'నా తీరిక వేళ' కార్యక్రమం కింద చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన మేడమ్ గారు తమ మిద్దె తోటలో కాసిన వంకాయలు తెచ్చి చూపించారు. నేను తెచ్చింది కూరకు పనికిరాదు. వెనక బల్ల మీద గుడ్డ కప్పి పెట్టాను. పిల్లలు ఇప్పటికే రెండుసార్లు గుడ్డ ఎత్తి చూశారు, కాబట్టి అందులో ఏముందో వాళ్లను అడిగితే చెప్తారు.

మా ఇంట్లో ఒక గదిలో పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల మీద బొమ్మ రైల్వే ఉంది. బొమ్మ అంటే చాబీ ఇస్తే తిరిగేది కాదు. అసలు రైలును 87 వంతులు చేసి అందులో ఒక వంతుకు కుదించిన నమూనా. దీన్నే హెచ్.ఓ. స్కేలు అంటారు. పుణే వెళ్లినవాళ్లు జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూసి ఉంటారు. అక్కడ చూసినప్పుడే నాకీ పిచ్చి పట్టింది. మన బ్రాడ్ గేజ్‌ను ఈ స్కేలుకు కుదిస్తే పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు దూరం ఉండాలి. బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. మన దేశంలో ఈ పని చేసేవాళ్లందరం ఆ తేడాను చూసీ చూడనట్టు పోతుంటాం. ఆడిటర్లు ఎవరైనా ఉంటే క్షమించాలి.

అయితే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది రైలు గురించి కాదు, దాని పక్కన నడిచే బస్సు గురించి.

మన ప్రాంతంలో బస్సు రైలుకు బిడ్డ లాంటిది. హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ బస్సులు మొదలైంది 1932లో, అదీ నిజాం స్టేట్ రైల్వే వారి ఆధ్వర్యంలో, 27 బస్సులతో. ఆ శాఖే పెరిగి పెరిగి 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. కాబట్టి స్టేషను బయట బస్సు నిలబడి ఉండటం మనకు అలంకారం కాదు. రైలు దిగినవాడు ఊరు చేరేది దానితోనే. కానీ చాలా లేఅవుట్లలో రైలు గిరగిరా తిరుగుతుంది, బస్సు మాత్రం గమ్ముతో అతికించి ఉంటుంది. చూడటానికి వచ్చినవాళ్లు రెండు చుట్లు చూస్తారు, మూడో చుట్టుకు ఫోను తీస్తారు. అదే స్టేషను ముందు ఆగి ఉన్న బస్సు కదిలిందనుకోండి, ఫోను మళ్లీ జేబులోకి పోతుంది. ఇది నేను మా ఇంటికొచ్చిన చుట్టాల మీద చాలాసార్లు పరీక్షించి చూశాను.

మరి బస్సును నడపటం ఎలా? రైలుకు పట్టాలే కరెంటు తీగలు. రోడ్డుకు ఆ వసతి లేదు. 1960లలో రోడ్డు మధ్యలో గాడి పెట్టి, దాని పక్కన లోహపు పట్టీల ద్వారా కరెంటు ఇచ్చి బొమ్మ కార్లు నడిపేవారు. అది రోడ్డులా కనిపించదు, రేసు ట్రాకులా కనిపిస్తుంది. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలోని గ్యూటెన్‌బాఖ్‌లో ఫాలర్ అనే కంపెనీ ఉంది. బొమ్మ ఇళ్లు, స్టేషన్లు చేసే కంపెనీ. వాళ్లు 1989లో 'కార్ సిస్టమ్' అని ఒకటి తెచ్చారు. కరెంటు బండిలోనే ఉంటుంది, చార్జి చేసుకునే చిన్న బ్యాటరీ రూపంలో. దారి రోడ్డులో ఉంటుంది. రోడ్డు పైపొర కింద సన్నని ఇనుప తీగ పరుస్తారు. బస్సు ముందు చక్రాల ఇరుసుకు చిన్న చెయ్యిలాంటిది, దాని కొసన ఒక అయస్కాంతం. అయస్కాంతం తీగను వదలదు. తీగ ఎటు తిరిగితే చెయ్యి అటు తిరుగుతుంది, దానితో పాటు ముందు చక్రాలు తిరుగుతాయి. వెనక చక్రాలను మోటారు నెడుతుంది. ఆలోచన ఇంతే. చూసేవాడికి తీగ కనపడదు, బస్సును ఎవరో లోపల కూర్చుని తిప్పుతున్నట్టే ఉంటుంది.

రోడ్డు వేయడం మాత్రం ఓపిక పని. పలుచని ఎం.డి.ఎఫ్. చెక్కలో గాడి తీయాలి. తీగ పరిచి, గోడకు పూసే పుట్టీతోనే పూడ్చాలి. ఆరాక సాండ్ పేపరుతో రుద్దాలి. తీగ ఎక్కడైనా వెంట్రుకవాసి పైకి లేచిందా, బస్సు అక్కడ ఎగిరి పడుతుంది. లోతుకు పోయిందా, అయస్కాంతం పట్టు తప్పి బస్సు నేరుగా పొలంలోకి పోతుంది. మలుపులు 20 సెంటీమీటర్ల వ్యాసార్థానికి తగ్గకుండా పెట్టుకున్నాను. అంతకన్నా బిగువైతే అసలు బస్సు కూడా తిరగడానికి ఇబ్బంది పడేట్టు కనిపిస్తుంది. మన దేశంలో ఎడమ పక్క నడపాలి కాబట్టి విదేశీ పుస్తకాల్లోని బొమ్మలను అద్దంలో చూసినట్టు తిరగేసుకోవాలి. ఛాసీ బయటి నుంచి తెప్పించుకున్నదే. మన పల్లె వెలుగు బస్సు ఎవరూ తయారు చేసి అమ్మరు. ప్లాస్టిక్ షీటు కత్తిరించి, కిటికీలకు అడ్డ కమ్మీలు అతికించి, పైన లగేజీ క్యారియర్, వెనక నిచ్చెన పెట్టి నేనే చేసుకున్నాను. 11 మీటర్ల బస్సు ఈ స్కేల్లో పన్నెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది.

వేగం విషయంలో చాలామంది బొమ్మ బస్సును పరుగెత్తిస్తారు. గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు 13 సెంటీమీటర్లు కూడా రాదు. అంటే పన్నెండడుగుల బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి దాదాపు అర నిమిషం. మొదట చూసినప్పుడు మరీ నెమ్మది అనిపిస్తుంది. కాసేపటికి కన్ను అలవాటు పడి, అదే సరైన నడక అనిపిస్తుంది.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. పాతవాటిలో నికెల్ బ్యాటరీలు ఉండేవి, ఒక్కో సెల్ 1.2 వోల్టులు. ఇప్పుడు లిథియం, 3.7 వోల్టులు. నా బస్సులో ఉన్నది 150 మిల్లీ ఆంపియర్ అవర్ల బుల్లి బ్యాటరీ. మోటారు, దీపాలు కలిపి 50 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతాయి. కాగితం మీద మూడు గంటలు రావాలి, చేతిలో రెండున్నర వస్తుంది. లిథియాన్ని 3 వోల్టుల కిందికి దిగనివ్వకూడదు, చార్జింగులో పెట్టి సినిమాకు పోకూడదు. నేను ఒక గచ్చు టైలు మీద పెట్టి, పక్కనే కూర్చుని చార్జి చేస్తాను. మూడు బస్సులు, ఏ వేళ చూసినా రెండు రోడ్డు మీద, ఒకటి డిపోలో.

ఇంతవరకూ కదలడం గురించి. అసలు కథ ఆగడంలో ఉంది. రైలైతే నా చేతిలో నాబ్ ఉంటుంది, తిప్పితే ఆగుతుంది. బస్సును ఒకసారి వదిలానంటే దాని మీద నాకు అధికారం లేదు. దాన్ని ఆపగలిగేది రోడ్డు ఒక్కటే. ఫాలర్ వారి పద్ధతిలో బస్సు అడుగున ఒక రీడ్ స్విచ్ ఉంటుంది, అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే స్విచ్. రోడ్డు కింద ఒక కాయిల్ ఉంటుంది. కాయిల్‌కు కరెంటు ఇస్తే అది అయస్కాంతమవుతుంది, పైకి వచ్చిన బస్సులో స్విచ్ మోటారును ఆపేస్తుంది. కరెంటు తీసేస్తే బస్సు బయలుదేరుతుంది.

దీన్ని నేను మొదట చూపించింది మా బాపుకు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీలో డ్రైవరుగా చేశాడు. మాది కాజీపేట పక్కన. రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులతో బయటికి పోవడం తగ్గింది. అమ్మ పోయాక మాట్లాడటమూ తగ్గింది. హైదరాబాదులో మా ఫ్లాటులో పేపరు చదివి, మడిచి పెట్టి, మళ్లీ అదే పేపరు తీసేవాడు. ఏం అడిగినా "మంచిగనే ఉన్న" అనే ఒక్క జవాబు. ఆ రోజు కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, బస్సు స్టాపులో ఆగడం నాలుగైదుసార్లు చూశాడు.

"గిట్ల ఆపితే నిలబడ్డోళ్లంత ముందట పడ్తరు బిడ్డా" అన్నాడు.

నిజమే. స్విచ్ పడగానే బస్సు ఠక్కున ఆగుతోంది. నేను అన్నేళ్లుగా బొమ్మలు చూసే కంటితో చూస్తున్నాను, ఆయన బ్రేకు మీద కాలు పెట్టిన మనిషిగా చూశాడు. రెండు నెలలు కూర్చుని బస్సులో ఒక చిన్న చిప్ పెట్టాను. అది స్విచ్ సంకేతం అందగానే మోటారును ఒక్కసారిగా ఆపకుండా పది సెంటీమీటర్లలో, ఒకటిన్నర సెకనులో మెల్లగా దించుతుంది. ఆ పది సెంటీమీటర్లూ రోడ్డు కింద అయస్కాంతం ఉండాలి కాబట్టి కాయిల్ తీసేసి, చిన్న చిన్న అయస్కాంతాలు వరుసగా అతికించిన పట్టీ పెట్టాను, దారి చూపే తీగకు కాస్త పక్కగా. పట్టీ పైకి లేస్తే బస్సు ఆగుతుంది, కిందికి దిగితే పోతుంది.

ఆ పట్టీని లేపడం, దించడం ఎలాగో కాగితం మీద గీసుకుంటుంటే బాపు రెండో ప్రశ్న వేశాడు. మా లేఅవుట్లో ఒక లెవెల్ క్రాసింగ్ ఉంది. "కరెంటు పోతే రైలు ఆగుతది. మరి నీ బస్సుకెట్ల తెలుస్తది?"

ఆలోచించండి. ఇంట్లో కరెంటు పోతే పట్టాల్లో కరెంటు ఉండదు, రైలు ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. అది సరిగ్గా గేటు మీదే నిలబడవచ్చు. బస్సుకు మాత్రం సొంత బ్యాటరీ ఉంది, దానికి కరెంటు పోయిన సంగతే తెలియదు. ఫాలర్ వారి మామూలు ఏర్పాటులో బస్సును ఆపడానికి కాయిల్‌కు కరెంటు కావాలి. ఆ కరెంటు లేనప్పుడు గేటు పడి ఉన్నా బస్సు నేరుగా రైలులోకి పోతుంది. నిజమైన రైల్వేలో దీనికి తలకిందుల పద్ధతి. పాత చెయ్యి సిగ్నళ్లు గుర్తున్నాయా? తీగ తెగిపోతే చెయ్యి బరువు వల్ల దానంతట అదే 'ఆగు' స్థితికి వస్తుంది. ఏది పాడైనా ఆగడమే జరగాలి, పోవడానికి మాత్రం అన్నీ బాగుండాలి. కాజీపేట మనిషికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

అందుకని పట్టీ కింద స్ప్రింగు పెట్టాను. స్ప్రింగు దాన్ని ఎప్పుడూ పైకే నెడుతుంటుంది, అంటే మామూలు స్థితిలో బస్సుకు దారి లేదు. కరెంటు ఉండి, గేటు పూర్తిగా లేచి ఉంటేనే ఒక సోలెనాయిడ్ పట్టీని కిందికి లాగి పట్టుకుంటుంది. సోలెనాయిడ్ గంటసేపు లాగి పట్టుకుంటే వేడెక్కుతుంది, అందుకే మధ్యలో విరామం ఇస్తాం. ఇక రైలు వైపు చూస్తే, గేటు పడి, పట్టీ పైకి లేచిందని రెండు స్విచ్చులు చెప్తేనే ఆ ముక్క పట్టాలకు కరెంటు వస్తుంది. మన స్ట్రాంగ్ రూముకు రెండు తాళం చెవులు ఇద్దరి దగ్గర ఉండటం లాంటిదే. ముందున్న బస్సును వెనకది గుద్దకుండా ప్రతి బస్సు వెనక బంపరులోనూ ఒక చిన్న అయస్కాంతం పెట్టాం. దగ్గరికొచ్చిన వెనక బస్సులో స్విచ్ పడుతుంది.

పోయిన దసరా సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు పదిమంది దాకా వచ్చి చూస్తుండగా నిజంగానే కరెంటు పోయింది. రైలు గేటు మీద సగం దాటి ఆగింది. గది చీకటి. ఆ చీకట్లో రెండు బస్సులు హెడ్‌లైట్లు వేసుకుని తమ పాటికి తాము వస్తూనే ఉన్నాయి. పిల్లలు ఊపిరి బిగబట్టారు, బాపు కుర్చీలో ముందుకు వంగాడు. మొదటి బస్సు గేటు ముందు మెల్లగా నిలిచింది. రెండోది దాని వెనక నిలిచింది. ఒక పాప "తాతా, వాళ్లకి ఎవరు చెప్పారు?" అని అడిగింది. కరెంటు వచ్చేదాకా అరగంట సేపు ఆయన ఆ పిల్లలకు గేట్లు, సిగ్నళ్లు, రాత్రి సర్వీసులు, ఘాటు దిగేటప్పుడు గేరు ఎందుకు మార్చకూడదు అన్నీ చెప్పాడు. ఆయన అంతసేపు ఒక్క బిగిన మాట్లాడగా నేను విని రెండేళ్లు దాటింది.

హాంబర్గ్‌లో మినియాటుర్ వుండర్‌లాండ్ అని ఉంది, 2001లో తెరిచారు. అక్కడ వందల బండ్లను కంప్యూటర్ నడుపుతుంది, ఏ బండికి చార్జి తగ్గితే అది తనంతట తానే చార్జింగు దగ్గరికి పోయి నిలబడుతుంది. మీరెందుకు అలా చేయరని మా ఐ.టి. విభాగం మిత్రుడు అడుగుతుంటాడు. ఇంటి లేఅవుట్‌కు అది అక్కర్లేదని నా అభిప్రాయం. ఖర్చు ఒక కారణం. రెండోది, అలా చేస్తే బాపుకు పని ఉండదు. ఇప్పుడు ఏ బస్సు ఎప్పుడు డిపోకు రావాలో ఆయనే చెప్తాడు. ఒక పాత డైరీలో డ్యూటీ చార్టు రాసి పెట్టాడు. మూడో నంబరు బస్సుకు ఆదివారం సెలవు. ఎందుకని అడిగితే "బండికి రెస్టు వద్దా?" అంటాడు. బ్యాటరీకి మంచిదో కాదో గానీ నేను ఆ సెలవు రద్దు చేయలేదు.

వెనక బల్ల మీద గేటు, ఒక మలుపు, మూడడుగుల రోడ్డు బిగించి తెచ్చాను. బస్సుకు పొద్దున నిండా చార్జి పెట్టాం. టీ తాగాక రండి. గేటు దగ్గర ప్లగ్ ఎవరైనా పీకి చూడవచ్చు, పిల్లలైనా సరే. బస్సును మాత్రం చేత్తో వెనక్కి నెట్టకండి, గేర్లు అరుగుతాయి. బల్ల పక్కన కుర్చీలో కూర్చున్న పెద్దాయనే మా బాపు. బస్సుల గురించి ఏం అడిగినా ఆయన్నే అడగండి.