మన రేవు, మన నవల

మిరప కోతలు అయిపోయి, కల్లాలు ఖాళీ అయ్యాక కాస్త తీరిక దొరుకుతుంది. అప్పుడు నోరి నరసింహశాస్త్రి గారి చారిత్రక నవలలు చదవండి. రేపల్లెలో వకీలుగా ఉంటూనే ఆయన ‘రుద్రమదేవి’, ‘మల్లారెడ్డి’ రాశారు. మల్లారెడ్డి అంటే అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి తమ్ముడు, మోటుపల్లి రేవును గెలిచిన వీరుడు.

ఆ మోటుపల్లి వీరభద్రాలయంలోనే కాకతీయ రాజు గణపతిదేవుని 1244 నాటి అభయశాసనం ఉంది. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేదీ ముట్టనని వర్తకులకు మాటిచ్చాడు. ఇలాంటి నిజం పునాదిగా ఉంటేనే సాహసకథ రక్తి కడుతుంది. నవల చదవండి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ శాసనం చూసి రండి.